కాశమ్మ కవళ్ళకి కారణం

విజయరత్నానికి ఒక జబ్బుండేది. ఎవరైనా "ఇందువల్ల ఇలా అయింది" అంటే ఊరుకోలేడు. ఒకసారి భార్య దీవెనమ్మ కొత్త కుండలో పప్పు తొందరగా ఉడికిందని అంది. మర్నాడు పక్కపక్క పొయ్యిల మీద పాత కుండ ఒకటి, కొత్త కుండ ఒకటి. రెండింట్లోనూ ఒకే గిద్దెడు పప్పు, ఒకే కొలత నీళ్ళు. రెండూ ఒకేసారి ఉడికాయి. "కుండ గొప్ప కాదు, నిన్న మారింది పప్పు" అని తేల్చేసరికి ఒంటిగంట దాటింది.

"మొగుణ్ణి మార్చి, మిగతావన్నీ ఇలాగే ఉంచి సూత్తే ఏటి తేల్తాదో" అంది దీవెనమ్మ, ఆకలి మీద.

పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో ఆయన గాజువాక నుంచి రెండు బస్సులు మారి, జాలరిపేట పక్కన సముద్రానికి చేరువలో ఉన్న ఒక బడిలో ఎనిమిదో తరగతికి సైన్సు చెప్పేవాడు. "ప్రయోగంలో ఒక్కటే మారాలి. మిగతావన్నీ కదలకుండా ఉండాలి. ఏ మార్పూ చెయ్యనిది ఒకటి పక్కన పోలికకి ఉండాలి" అని బోర్డు మీద రాస్తే పిల్లలు బుద్ధిగా రాసుకునేవారు. బుర్రకెక్కింది మాత్రం తక్కువ. శనగలు మొలకెత్తించమంటే ఎల్లారావు పోలికకి ఉంచిన డబ్బాలోవి తినేశాడు. "దానికేటీ సెయ్యక్కర్లేదన్నారు కదండీ" అన్నాడు.

ఆ బడి ప్రహరీగోడకి ఆనుకుని కాశమ్మ కవళ్ళనే చిన్న చేపలు ఎండబెట్టేది. వెదురు కర్రల మీద పాత వల పరిచి, ఉప్పులో ఊరిన చేపల్ని వరసగా పేర్చేది. ఆ వాసన పట్టుకుని పోర్టులో ఆగిన ఓడ మీది వంటవాడొకడు కాలినడకన జాలరిపేట దాకా వచ్చాడని అక్కడివాళ్ళు ఒట్టేసి చెబుతారు. నమ్మనివాళ్ళకి ఇంకో రెండు ఓడలు కలుపుతారు.

హెడ్మాస్టరు భీమశంకరరావుగారికి మాత్రం ఆ వాసన పడదు. నెల్లాళ్ళలో ఇన్‌స్పెక్షను ఉందనీ, ఈలోగా ఆవిడ రెండు ఫర్లాంగుల అవతల ఇసకదిబ్బకి వెళ్ళిపోవాలనీ చెప్పారు. కాశమ్మ విజయరత్నం దగ్గరికొచ్చింది.

"మా అత్త కాన్నుంచీ ఈ గోడే బాబూ. దిబ్బ మీద సేప పాసిపోద్ది. పాసిన సేప ఎట్టుకుని పూర్ణా మార్కెట్టుకెల్తే నా మొకం ఎవులు సూత్తారు?"

"గోడకి అంత మహిమేంటమ్మా?"

"అదేటో నాకేటి తెలుసు. సేప సెప్తాది."

విజయరత్నానికి జబ్బు తిరగబెట్టింది. గోడ వల్లే చేప బాగుంటుందని రుజువైతే ఆవిణ్ణి ఉండనివ్వాలనీ, కాదని తేలితే తానే దగ్గరుండి పంపిస్తాననీ హెడ్మాస్టరుతో ఒప్పందం చేసుకున్నాడు. పుస్తకంలో శనగల పాఠం మూసేసి, పిల్లల్ని గోడ దగ్గరికి తోలుకెళ్ళాడు.

ఒకే తట్టలో కవళ్ళు రెండు వాటాలు చేశారు. ఉప్పు ఒకటే, వల ఒకటే, రోజు ఒకటే. గోడ దగ్గర కాశమ్మ, దిబ్బ మీద ఎల్లారావు. గోడ చేప విరిస్తే టక్కుమంది. దిబ్బ చేప కడుపు మెత్తగా ఉండి కంపు కొట్టింది. కాశమ్మ ముఖం వెలిగిపోయింది.

కిటికీ పక్కన కూర్చునే నూకాలు లేచింది. "సోటూ మారింది, సెయ్యీ మారింది కదండీ. ఎల్లారావు సెయ్యి తగిలితే శనగలే మిగల్లేదు."

నిజమే. ఈసారి కాశమ్మనే దిబ్బ మీదికి పంపారు, గోడ దగ్గర పిల్లలు చూసుకున్నారు. మళ్ళీ గోడే గెలిచింది. నలభై ఏళ్ళ చెయ్యి కూడా దిబ్బ మీద చేపని కాపాడలేకపోయింది.

ఇక్కడితో ఆపేస్తే కాశమ్మ ఉండిపోతుంది. విజయరత్నం కాగితం తీసి రిపోర్టు రెండు ముక్కలు రాశాడు కూడా. అప్పుడు కాశమ్మ మాటల్లో మాటగా అంది.

"ఆదోరం నాడు తొలి ఎండ తగిల్తే మాత్రం ఈ గోడ కాడ కూడా బాగోవు మాస్టారూ. మా ఇంటాయన పోయింది ఆదోరమే. అందుకని."

ఆయన కలం మూత పెట్టేశాడు. ఆ రాసిన రెండు ముక్కలూ అబద్ధంలా కనిపించాయి. ఆవిడతో దాచకుండా చెప్పాడు. "ఇంకా తవ్వితే నీ గోడ పోవచ్చు కాశమ్మా."

ఆవిడ వల కొస లాగి సర్దింది. "పోతే పోద్ది. ఇన్నేళ్ళు గోడకి దణ్ణమెట్టేను. ఎందుకెట్టేనో నాకూ తెలవాల కదా."

మర్నాడు క్లాసులో అడిగాడు. "ఆదివారం గోడ దగ్గర ఎండ ఉందా?"

"ఉందండి."

"గాలి?"

"ఉందండి."

"కాశమ్మ చెయ్యీ ఉంది. మరి లేనిదేంటి?"

"మీరు లేరండి" అన్నాడు ఎల్లారావు. అందరూ నవ్వారు. విజయరత్నం వాణ్ణి నిలబెట్టబోయేంతలో పీరియడు అయిపోయింది. వరండాలో వేలాడే రైలు పట్టా ముక్కని ప్యూను ఠంగుమని కొట్టాడు. కిటికీ అవతల, ఎవరితోనో కబుర్లాడుతున్న కాశమ్మ మాట మధ్యలో లేచి, వల దగ్గరికెళ్ళి, చేపల్ని ఒక్కొక్కటే తిరగేసి, వచ్చి మళ్ళీ అదే మాట అందుకుంది.

"గంటండి" అంది నూకాలు నెమ్మదిగా.

మొన్న గోడ దగ్గర చేపల్ని చూసుకున్న పిల్లలు కూడా గంట కొట్టినప్పుడే బయటికెళ్ళి తిరగేశారు. వేరే దారి లేదు, మధ్యలో వెళ్తే విజయరత్నమే చెవి మెలేస్తాడు. దిబ్బ మీద కెరటాల హోరులో గంట వినపడదు. అక్కడ కాశమ్మ గుర్తొచ్చినప్పుడు తిరగేసింది.

ఆ తర్వాతి ఆదివారం విజయరత్నం చర్చి నుంచి నేరుగా వచ్చాడు. ఇస్త్రీ చొక్కాతో ఇసకలో కూర్చున్నాడు. గోడ దగ్గరే పక్కపక్కన రెండు వలలు. రెండింటికీ అదే చెయ్యి, అదే ఎండ, అదే ఉప్పు. ఒక వల మీదివి ఆయన చేతిగడియారం చూసి పీరియడు లెక్కన నలభై నిమిషాలకోసారి చెబితే కాశమ్మ తిరగేసింది. రెండో వల మీదివి ఆవిడకి తోచినప్పుడు.

మూడో నాడు ఆవిడే విరిచి చూసింది. మొదటి వల చేప టక్కుమంది. రెండోది వంగింది.

"అయితే మా అత్త మొక్కింది గోడకి కాదు, గంటకన్నమాట" అంది. ఓడిపోయినట్టూ లేదు, గెలిచినట్టూ లేదు. ఆ వంగిన చేపని అటూ ఇటూ తిప్పి చూస్తూనే ఉంది. "పాపం, మా ఇంటాయన్ని ఊరకే ఆడిపోసుకున్నాను."

మాట ప్రకారం విజయరత్నం ఆవిణ్ణి వెంటబెట్టుకుని హెడ్మాస్టరు గదికెళ్ళాడు. రిపోర్టు కాగితం మడత విప్పడం మొదలెట్టాడు. ఈలోగా కాశమ్మే అందుకుంది.

"గోడ మీరే ఉంచుకోండి బాబూ. గంట నాకియ్యండి."

భీమశంకరరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గంట ఇచ్చేస్తే బడి ఎలా నడుస్తుందని అడగబోయి, వాసన పోతుందన్న సంగతి గుర్తొచ్చి ఆగారు. చివరికి రైలు పట్టా ముక్క వరండా వదిలి మేడ మీదికెక్కింది, దిబ్బ దాకా వినపడేలా సముద్రం వైపు మూలకి. ప్యూను మెట్లెక్కలేక మొదట్లో సణిగాడు గానీ వారానికో పొట్లం కవళ్ళు అందేసరికి మెట్లు తగ్గిపోయాయి. ఆ గంటకి దిబ్బ మీది ఆడవాళ్ళంతా ఒక్కసారే చేపలు తిరగేసేవారట, కాకులు కూడా టైము చూసుకుని వచ్చేవట.

కాశమ్మ ఆదివారం కొత్త సరుకు పెట్టడం మానేసింది. దిబ్బ మీద ఆవిడ చేప టక్కుమంటూనే ఉంది. కొన్నాళ్ళకి ఒక సాయంత్రం, బస్సుకి బయల్దేరిన విజయరత్నాన్ని ఆపింది.

"మాస్టారూ, లెక్కల పీరియడు గంటకి తిప్పిన సేప తెలుగు పీరియడు సేప కన్నా మేలుగా ఉంటంది. ఏటంటారు?"

ఆయన సంచీ ఇసకలో దింపాడు.

"ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నావు?"

ఆ సాయంత్రం గాజువాక బస్సులు రెండు ఆయన లేకుండానే వెళ్ళిపోయాయి.