శవం చెప్పిన నాలుగో పదకం

మలాకీ టూహీ పంతొమ్మిది సినిమాల్లో వేశాడు. తొమ్మిదింట్లో చర్చి ఫాదర్, ఆరింట్లో పోలీసు, మిగిలిన నాలుగింట్లో బారు యజమాని. ఇంగ్లండు వాళ్లు మా ఐర్లండు గురించి సినిమా తీస్తే అందులో మాకు వేరే బతుకు ఉండదు. తెరమీద అతని పేరు ఒక్కసారీ పడలేదు. అయినా మా ఊరు బ్రేలో, మా వీధి ముసలివాళ్లు అతను సైకిలు మీద ఎదురైతే చప్పున టోపీ తీసి, ఎవరో గుర్తొచ్చాక తిట్టుకుంటూ మళ్లీ పెట్టుకునేవాళ్లు.

నేను మలాకీ వాళ్ల మేడగదిలో అద్దెకుండేవాణ్ణి. రోజూ భోజనాల దగ్గర అతని అత్తగారి పాట ఒకటే.

"తెరమీద పేరు చూపిస్తానని చెప్పి నా పిల్లని చేసుకున్నావు. ఇరవై రెండేళ్లయింది. నా కళ్లకి మసక కమ్ముతోంది నాయనా, కాస్త తొందరగా కానీ."

"ఈసారి ఖాయం అత్తయ్యా. కాగితం మీద రాసిచ్చారు."

"ఏం వేషం?"

"శవం."

ఆమె చెంచా కింద పెట్టింది. "పోన్లే. అదైనా చెడగొట్టకుండా చెయ్యి."

యాభై ఆరులో సంగతి ఇది. చచ్చిపోయిన రైతు, ఆస్తి కోసం కొట్టుకునే చుట్టాలు, అదీ కథ. శవజాగరణ సీనుకి మా వీధి వాళ్లనే ఇరవై మందిని తీసుకెళ్లారు. బెంచీ కింద పుస్తకం పెట్టుకుని చదివానని ఫ్యాక్టరీ వాళ్లు అప్పుడే నన్ను వెళ్లగొట్టారు కనుక నేనూ వెళ్లాను. ఏడవడానికి నాకు వేషం అక్కర్లేదు.

లండన్ నుంచి వచ్చిన డైరెక్టరు మా కియో పిన్నితో, "ఒక్క నిమిషం జపమాల చెప్పండమ్మా, చాలు" అన్నాడు.

ఒక్క నిమిషం జపమాల ఏమిటి? పదేసి జపాల పదకాలు అయిదూ అయ్యేదాకా మా ఇళ్లలో పొయ్యిమీద పాలు పొంగినా ఎవరూ లేవరు. పిన్ని మొదలుపెట్టింది, మేం అందుకున్నాం. "కట్" అని అరిచాడు డైరెక్టరు. ఎవరూ తలెత్తలేదు. డబ్లిన్ నుంచి వచ్చిన కెమెరామన్ కూడా కెమెరా ఆపకుండానే పక్కన మోకాళ్లూనాడు.

మా దగ్గర ఒక్కో పదకం ఒక్కొక్కరు చెప్పాలి. రెండోది నాకు, మూడోది కసాయి కొట్టు డెక్లన్‌కి వచ్చింది. తర్వాత పిన్ని కళ్లు మూసుకునే, "నాలుగోది నువ్వు, మలాకీ" అంది.

శవపేటికలోంచి గంభీరమైన గొంతు లేచింది. "పరలోకమందుండెడు మా తండ్రీ..."

మేం ఎప్పటిలాగే బదులు చెప్పాం. పదకం సగమయ్యాక గానీ ఎవరికీ తట్టలేదు. తట్టినా ఎవరూ ఆపలేదు.

డైరెక్టరు మొహం బీట్రూటులా అయింది. మలాకీ పేటిక అంచు పట్టుకుని లేచాడు. "తెరమీద నా పేరు పోయినట్టేనా అండీ?"

ఆయన విసురుగా కారెక్కాడు.

నాలుగోరోజు టెలిగ్రాం వచ్చింది. లండన్‌లో ఆ రీలు చూసి సినిమా కంపెనీ పెద్దలు కడుపు పట్టుకుని నవ్వారట. కథ మారింది. ఇప్పుడు రైతు చావలేదు, చుట్టాల బుద్ధి చూడ్డానికి చచ్చినట్టు పడుకున్నాడు. మలాకీకి పదకొండు డైలాగులు.

సినిమా మా ఊరికి వచ్చిన రోజు హాలు నిండిపోయింది. కానీ పేర్లు పడేది చివర్లో. ఆ వెంటనే వేసే జాతీయగీతం మొదలైతే నిటారుగా నిలబడాలి కనుక, ఆట ముగుస్తుండగానే బయటికి పరుగెత్తడం మా ఊరి దేశభక్తి. జనం లేచారు. మలాకీ భార్య డింప్నా ముందే వెళ్లి తలుపుకి అడ్డంగా గొడుగు పెట్టి నిలబడింది.

"ఒక్కరు కదిలితే కాళ్లు విరుగుతాయి! మా అమ్మ చూడాలి."

అందరూ కూర్చున్నారు. పేరు పడింది. ముసలావిడ ముందుకు వంగి కళ్లు చికిలించింది.

"ఏది నాయనా? తెల్లగా ఏదో అలికినట్టుంది, అంతే."

హాలంతా ఒక్క గొంతుతో చదివింది: "మలాకీ టూహీ!"

ఆమె వెనక్కి వాలింది. అల్లుడి మోకాలు తట్టి, "మా ఇంటిపేరు పెట్టుకునుంటే ఇంకా బాగుండేది" అంది.