లచ్చక్క రాయని ఉత్తరం

ఒక్క ఉత్తరంతో ఒక మిక్సీల కంపెనీని, ఒక మంచి మనిషిని, నా ఉద్యోగాన్ని కలిపి గోతిలో తోయబోయిన మహానుభావురాలిని నేను. ఉత్తరం రాసింది నేనే. కింద పేరు మాత్రం లచ్చక్కది. ఇంకేం జరిగి ఉంటుందో మీరు ఊహించే ఉంటారు. మీ ఊహ ఎంత ఘోరంగా ఉన్నా సరే, ఇంకో రెండు మెట్లు దిగండి.

అప్పుడు నేను హైదరాబాద్‌లోని ఒక చిన్న కంపెనీకి, అడవి అంచున ఉన్న దోర్నపాల్‌లో మా నాన్న కిరాణా కొట్టు వెనక గదిలో కూర్చుని పని చేసేదాన్ని. పని ఏమిటంటే ఒక యాప్ డిజైన్ చెయ్యడం. వస్తువులు తయారుచేసే కంపెనీలు వీడియోలు చేసేవాళ్లకు తమ సరుకు పంపి, "దీని మీద వీడియో చెయ్యండి" అంటాయి కదా. ఆ తరువాత ఏ వీడియో ఎప్పుడు, ఎవరు ఏ మార్పు చెప్పారు, ఎవరు ఒప్పుకున్నారు అన్నదంతా వంద మెసేజ్‌ల కింద కూరుకుపోతుంది. ఆ గందరగోళాన్నంతా ఒక్కచోట సర్దిపెట్టేదే మా యాప్. నేను అందులో ఎన్ని మీటలు పెట్టానంటే, విమానం నడిపేవాడికి చూపిస్తే వాడు కూడా "అమ్మా, నేను బస్సులో పోతా" అనేవాడు.

మొదట వాడి చూడ్డానికి ఒక మనిషి కావాలి. నాకు లచ్చక్కే తట్టింది.

లచ్చక్కది అడవి లోపలి పల్లె. పొలం, చింతపండు, ఇప్పపువ్వు ఆమె బతుకు. వారం వారం సంతకు, మా మాటలో అంగడికి, వచ్చి మా కొట్టు ముందే గంప దించేది. ఖాళీ ఉన్నప్పుడు ఫోన్లో వంటల వీడియోలు తీసేది. కొనేవాళ్లతో హిందీ, మాతో తెలుగు, చుట్టాలతో దోర్లీ, పక్క గంపవాళ్లతో గోండీ. ఒకే ఊపిరిలో నాలుగు భాషలు మార్చేది, ఒక్క మాట తడబడేది కాదు. వీడియోల్లోనూ అంతే. చూసేవాళ్లు ఏ భాషవాళ్లయినా నోరూరి కూర్చోవాల్సిందే. మిక్సీల కంపెనీవాళ్లు ఆమె వీడియోలు చూసి ముచ్చటపడి మిక్సీ పంపారు. మూడు వీడియోలు కావాలన్నారు.

నేను యాప్ ఆమె ఫోన్లో వేసి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాను.

"ఇది నొక్కితే చూసినట్టు. ఇది నొక్కితే పని మొదలైనట్టు. ఇది నొక్కితే సగం అయినట్టు."

లచ్చక్క ఓపిగ్గా విన్నది. "సగమైందని నాకు తెల్వదా, పిల్లా? దానికి మళ్ల నొక్కాలా?"

"నీకు తెలుస్తుంది అక్కా. కంపెనీకి తెలియొద్దూ?"

"మంచిది. మరి మా ఊళ్ల సిగ్నల్ లేదు గద, ఎట్ల నొక్కాలె?"

ఇక్కడ కాస్త ఆగండి. ఈ ప్రశ్న దగ్గరే తెలివైన మనిషి ఆగుతుంది. నేనేమన్నానో తెలుసా? "అవన్నీ యాప్ చూసుకుంటుంది అక్కా" అన్నాను.

యాప్ ఏం చూసుకున్నదంటే: పని ఇచ్చాక "చూశాను" అని నొక్కకపోతే రెండు గంటలకోసారి గంట కొడుతుంది. ఐదు రోజులు నొక్కకపోతే, ఆ మనిషి తప్పుకున్నట్టు లెక్క. అప్పుడు ఆ మనిషి పేరు మీదే కంపెనీకి మర్యాదగా ఒక ఉత్తరం వెళ్తుంది. కంపెనీ ఆ పని యాప్‌లో పెట్టేసరికి లచ్చక్క ఊరికి వెళ్లిపోయింది. ఆమెకు సిగ్నల్ దొరికేది ఏడు రోజులకోసారి, అంగడికి వచ్చినప్పుడే. ఆ చుట్టుపక్కలే పుట్టి పెరిగిన నేను పెట్టిన గడువు ఐదు రోజులు. నా లెక్కల టీచరు ఇది చదవకుండా ఉంటే బాగుండు.

ఉత్తరంలో "కారణం" అని ఒక ఖాళీ గడి ఉంది. పరీక్షించేటప్పుడు అందులో ఏదో ఒకటి నింపాలి కదా అని, సరదాకి నాకు తోచింది రాసి, నాలో నేనే నవ్వుకుని, ఆనందంగా టీ తాగడానికి వెళ్లాను. చెరపడం మరిచిపోయాను.

అంగడికి ముందు రోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. మిక్సీల కంపెనీ నుంచి మాధవిగారు.

"సునీతగారూ, ఆ కోళ్ల సంగతి ఏంటండీ?"

"ఏ కోళ్లు మేడం?"

"లచ్చక్కగారి కోళ్లు. ఉత్తరం వచ్చింది. చదవమంటారా?"

చదివారు. "గౌరవనీయులైన మేడం గారికి, అనివార్య కారణాల వల్ల ఈ పని నుంచి తప్పుకుంటున్నాను. కారణం: మీ మిక్సీ మోతకు మా కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. దీనికన్నా మా రోలు వంద రెట్లు నయం. ఇట్లు, విధేయురాలు, లచ్చక్క."

టీకి ముందు నేను నింపిన గడి అదే.

"మేడం, అది..."

"మా సార్ చాలా సీరియస్‌గా తీసుకున్నారండీ. మోత ఎంతొస్తుందో కొలవడానికి ఇంజినీర్‌ను పంపమంటున్నారు. ఆ ఊరికి దారెటు?"

"దారి లేదు మేడం!" అని అరిచాను. నిజానికి ఉంది. జీపు పోతుంది. "రేపటి దాకా ఆగండి. ఆమెతోనే మాట్లాడిస్తాను."

మర్నాడు పొద్దున లచ్చక్క అంగడిలో అడుగు పెట్టీ పెట్టగానే సిగ్నల్ అందింది. ఐదు రోజుల గంటలన్నీ ఒక్కసారి మోగాయి. ఫైరింజన్ వచ్చిందేమోనని చింతపండు కొనేవాళ్లు చెదిరిపోయారు. గంప కిందకు దించి, మోగుతున్న ఫోన్‌ను దోసిట్లో పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

"ఏంది పిల్లా ఇది? పిశాచం పట్టిందా దీనికి?"

ఇంక దాచి లాభం లేదు. అంతా చెప్పాను. ఉత్తరం చదివి వినిపించమన్నది. వినిపించాను. కోళ్ల దగ్గరకు రాగానే వేగం పెంచాను. తిడుతుందనుకున్నాను. గంప పట్టుకుని వెళ్లిపోతుందనుకున్నాను. కొట్టు అరుగు మీద కూలబడి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది.

నవ్వు తుడుచుకుని లేచింది. మొహం మారింది. "నవ్వుకు నవ్వే గాని సునీతా, నా పేరు మీద అబద్ధం పోయింది. రేపు ఇంకో కంపెనీ నన్ను నమ్ముతదా? ఆ మేడంకు ఫోన్ గొట్టు."

కొట్టాను. స్పీకర్ పెట్టాను. నేనైతే గంటసేపు క్షమాపణ చెప్పుకునేదాన్ని. ఆమె రెండు మాటల్లో ముగించింది.

"మేడం, నమస్తే. ఉత్తరం నేను రాయలె, ఈ పిల్ల తమాషాకు రాసింది. మా కోళ్లు మంచిగనే గుడ్లు పెడుతున్నయి."

"హమ్మయ్య," అన్నారు మాధవిగారు.

"మూడు వీడియోలు అయిపోయినయి. కరెంటు ఉన్నప్పుడు ఉన్నట్టు తీసిన. ఎండుమిర్చి, ధనియాలు మీ మిక్సీ మెత్తగ చేసింది, ఆ మాట చెప్పిన. చీమల పచ్చడి మాత్రం రోట్లనే మంచిగైతది, ఆ మాట గూడ చెప్పిన."



"చీమలా? మా మిక్సీలోనా?"

"రెండిట్ల చేసి చూసిన మేడం. చూడకుంట ఎట్ల చెప్త? భయపడకు, జార్ కడిగిన."

నేను కళ్లు మూసుకున్నాను. మాధవిగారు పగలబడి నవ్వడం వినిపించింది. అక్కడి నుంచే వీడియోలు పంపించాం. ఫోన్ అటువైపు మాధవిగారు, ఇటువైపు మేమిద్దరం చూశాం. వాటిలో లచ్చక్క మెచ్చుకునే చోట మనసారా మెచ్చుకుంది, కుదరని చోట మొహమాటం లేకుండా చెప్పింది. నేను నెలల తరబడి మీటలతో పుట్టించాలని చూసిన నమ్మకం, ఆమె నోట రెండు నిమిషాల్లో పుట్టింది. కంపెనీవాళ్లు మూడూ తీసుకున్నారు. చీమల వీడియోనే ముందు వేశారు.

అంగడి అయ్యాక లచ్చక్క వెళ్లిపోలేదు. "ఏదీ, నీ యాప్ తెరువు" అన్నది. తెరిచాను. "ఇది దేనికి?" అని అడిగింది. చెప్పబోయి నాకే గుర్తు రాలేదు. "తీసెయ్." ఇంకోటి. "తీసెయ్." అలా పోగా పోగా మిగిలినవి కొన్నే. గడువుకు బదులు, ఎవరికి ఏ రోజు చూడ్డానికి వీలో వాళ్లే చెప్పుకునే చోటు పెట్టమన్నది. రాయడం రానివాళ్లు మాటతో చెప్పొచ్చన్నది. అవతలి మనిషి ఫోన్ నంబరు అన్నిటికన్నా పైన ఉండాలన్నది. "మనిషితో మాట్లాడితే అయ్యే పనికి గంటలెందుకు?"

మా ఆఫీసులో దాన్ని చూసి మా సార్ నన్ను తెగ పొగిడారు. ఇది నా తెలివి కాదని మూడుసార్లు చెప్పాను, వినయమనుకుని ఇంకా పొగిడారు. తరువాతి వారం కొత్త యాప్‌ను లచ్చక్కకు చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి తలూపింది.

"ఇప్పుడు మంచిగైంది. ఇగ నువ్వు దీన్ని ముట్టుకోకు."

కనుక యావన్మంది పాఠకుల సమక్షంలో, పూర్తి స్పృహతో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఒకరి పేరు మీద ఒక్క అక్షరం కూడా రాయను. పరీక్షకూ రాయను, సరదాకీ రాయను, వాళ్లే వచ్చి బతిమాలినా రాయను. ఎక్కడైనా ఖాళీ గడి కనబడితే, చేతులు వెనక్కి కట్టుకుని, లచ్చక్కకు ఫోన్ చేస్తాను. అంగడి రోజైతేనే.