రెండు థర్మామీటర్లు, ఒక గ్లాసు చాయ్

కల్వకుర్తి అవతల తొమ్మిది మైళ్ళు. నల్లరాతి గుట్టల మధ్య మా పటాలం ఫైరింగ్ క్యాంపు. 1961 మే నెలలో ఒక పొద్దున, ఆరింటికి ట్రక్కు దిగాం. నీడ లేదు. పద్దెనిమిది గుడారాలు, ఒక నీళ్ళ ట్యాంకరు. నేను వైద్య సహాయకుణ్ణి, కేతేపల్లి వాణ్ణి. డాక్టరు ఇరవై మైళ్ళ దూరంలో ఉన్నాడు. నా పెట్టెలో కట్లు, ఉప్పు బిళ్ళలు, రెండు థర్మామీటర్లు.

నాలుగో రోజు పదకొండింటికి నేను చాయ్ తాగుతుండగా వైర్‌లెస్ సిపాయి వచ్చాడు. ఆత్మకూర్ కుర్రాడు. తల తిరుగుతోందన్నాడు. ఒక థర్మామీటరు నూటొకటి చూపింది, రెండోది నూట నాలుగు. మళ్ళీ పెట్టాను. అవే అంకెలు. ఏది నిజమో తేల్చే మూడోది లేదు.

పన్నెండింటికి మార్చ్. పోయేవాళ్ళలో వైర్‌లెస్ సెట్టు సరిగ్గా నడపగలిగేది అతనొక్కడే. హవల్దారు తొందరపెట్టాడు. నేను చాయ్ ముగించి, రెండు థర్మామీటర్లూ నా నోట్లోనే పెట్టుకున్నాను. నాకు జ్వరం లేదు కదా. ఒకటి తొంభై ఎనిమిది, రెండోది నూటొకటి. తక్కువ చూపేదే సరైనదని తేల్చాను. నా తెలివికి నేనే మురిశాను.

ముసలి వంటవాడు అతని మెడ మీద చెయ్యి పెట్టాడు. "పెనం లెక్క కాలుతాంది తమ్మీ. పంపకు."

"నీ చెయ్యి రొట్టెలకు, కాకా. జరానికి గీ గాజుగొట్టం ఉన్నది."

నాతోపాటు కుర్రాడు కూడా నవ్వాడు. రిజిస్టరులో 101 అని రాసి పంపాను.

రెండింటికి క్యాంపు సెట్టులో హవల్దారు గొంతు. "నీ సిపాయి పడిపోయిండు. చెమట లేదు. పిలిస్తే పలుకుతలేడు."

నేను జీపులో చేరేసరికి అతని ప్రాణం పోయింది.

మర్నాడు చాయ్ తాగకముందే రెండూ నోట్లో పెట్టుకున్నాను. తొంభై ఐదు, తొంభై ఎనిమిది. ముందురోజు నేను కొలిచింది నా ఒంటిని కాదు, నోట్లోని చాయ్ వేడిని. కుర్రాడికి ఉన్నది నూట నాలుగు. విచారణలో నూటొకటి అనే చెప్పాను. రెండో అంకె మింగేశాను. రిజిస్టరు చక్కగా రాశావని అధికారి మెచ్చుకున్నాడు.

క్యాంపు ఎత్తేశాక, సెలవు మీద ఇంటికి పోతూ, కుర్రాడి ట్రంకుపెట్టె ఇవ్వడానికి ఆత్మకూర్‌లో దిగాను. ఎండలో నడిచి వచ్చిన నన్ను చూసి, అతని తల్లి ముందు నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"ఒళ్ళు కాలుతాంది బిడ్డా. నా కొడుకును గూడ ఎవరన్న గిట్ల పట్టి సూసిన్రా?"

"సూసినం, అవ్వా."

"జరం మస్తుగ ఉండెనా?"

"కొంచెమే."

ఆమె చెయ్యి నా నుదుటి మీదే ఉంది. ఇప్పటికీ తీయలేదు.