చిట్టి కోసం గురజాలలో కూర్చున్న పూట

నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ముప్పై ఏళ్ళు బస్సులో తిరిగినవాణ్ణి. కండక్టరుగా రిటైరైన తర్వాత అదే వైపు రైల్లో వెళ్ళడం మాత్రం ఇదే మొదలు. పని, ఒక కుక్కను తెచ్చుకోవడం.

పోయిన కార్తీకంలో మా ఇంటి కుక్క ముసలిదై చనిపోయింది. నేనూ, మా ఆవిడ అనసూయా ఇక కుక్క మాట ఎత్తకూడదనుకున్నాం. మాఘం వచ్చేసరికి ఇద్దరం దొంగచాటుగా ఫోన్లో కుక్కల ఫొటోలు చూస్తూ ఒకరికొకరం దొరికిపోయాం. ఇద్దరి ఫోన్లలోనూ ఉన్నది ఒకటే ఫొటో. గోధుమరంగు ఆడకుక్క, పేరు చిట్టి, ముందు కాలు ఒకటి లేదు.

ఆ ఫొటో పెట్టింది గురజాల దగ్గర ఉండే కోటమ్మ. రిటైర్డ్ నర్సు. లారీలు గుద్దిన కుక్కలనూ, జనం వదిలేసిన కుక్కలనూ తన పాత పత్తి గోడౌనులో పెట్టి బాగుచేసి, పెంచుకునేవాళ్ళకు ఇస్తుంది. ఫోను చేస్తే షరతులు చెప్పింది. డబ్బు తీసుకోదు, నూకలు తెస్తే కాదనదు. మనం వెళ్ళి చాప మీద కూర్చోవాలి. కుక్కను పిలవకూడదు, తిండి చూపించకూడదు. తనంతట తాను వచ్చి మనల్ని ఆనుకుంటేనే ఇస్తుంది. ఒంటిగంటకు వాటికి అన్నం పెట్టేలోపు రాకపోతే అంతే. మర్నాడు చిట్టి కోసం పిడుగురాళ్ళ నుంచి ఇంకొకరు వస్తున్నారని కూడా చెప్పింది. అంటే నాకున్నది ఒక్క పూట.

అనసూయకు మోకాళ్ళ నొప్పులు కాబట్టి నేనొక్కణ్ణే బయల్దేరాను. ఏడు దాటాక మాచర్ల ప్యాసింజరు ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికింది, కాళ్ళ మధ్య పది కేజీల నూకల సంచి. వెళ్ళేవాళ్ళు ఇంటి నుంచే టిఫిను కట్టుకెళ్ళడం మంచిది. నేను అనసూయ కట్టిచ్చిన ఇడ్లీలు పిడుగురాళ్ళ రాకముందే పూర్తి చేశాను. ఎదురు సీటులో ఒకావిడ నా సంచి వంక చాలాసేపు చూసి అడిగింది.

"నూకలెందుకు బాబాయ్, కోళ్ళకా?"

"కుక్కలకమ్మా. ఒక కుక్కను తెచ్చుకుందామని పోతున్నా."

"కుక్క కోసం రైలెక్కావా? మా ఈదిలో పదున్నయ్, ఓ రెండు పట్టకపో."

బోగీ అంతా నవ్వింది. నేనూ నవ్వాను. నడికుడిలో బండి కాసేపు ఆగితే ఆవిడకూ నాకూ టీ తీసుకున్నాను. అక్కడి నుంచి దారి పొడుగునా పొలాల్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. చూసినంత దూరం ఎరుపే.

పది కావస్తుండగా గురజాలలో దిగాను. కోటమ్మ గోడౌను ఊరి బయట, మూడు కిలోమీటర్లు. ఆటోలేవీ కనబడలేదు. మిరపకాయల బస్తాలతో ఒక ట్రాలీ ఆటో అటే పోతుంటే చెయ్యెత్తాను. దాని డ్రైవరు సైదా ముందు సీటు నిండా తాళ్ళూ పట్టాలూ పెట్టుకున్నాడు. "బస్తాల మీదెక్కు బాబాయ్, ఐదు నిమిషాల్లో దింపుతా" అన్నాడు. ఎక్కి బస్తాల మీద రాజాలాగా కూర్చున్నాను. ఇక్కడే నేను తప్పు చేశాను. పల్నాడులో పుట్టినవాడి ముక్కుకు మిరపకాయ ఘాటు గాలిలాంటిది, ఉందని కూడా తెలియదు.

గేటు తీయగానే పదకొండు కుక్కలు పరుగున వచ్చాయి. వచ్చినవి వచ్చినట్టే ఆగి తుమ్మడం మొదలుపెట్టాయి. మూడు కాళ్ళ మీద గెంతుతూ అన్నిటికన్నా వెనక వచ్చిన చిట్టి వరసగా నాలుగు తుమ్ములు తుమ్మి, నా వంక అసహ్యంగా చూసి, వెళ్ళి నీళ్ళ తొట్టి చాటున కూర్చుంది.

కోటమ్మ చేతిలో గరిటెతో బయటికొచ్చింది. "ఏంది తమ్ముడూ, నూకలు తెమ్మంటే కారం తెచ్చావేంది?"

"నేనెక్కడ తెచ్చానక్కా?"

"ఒళ్ళంతా అదేగా. నాకూ తెలవలా, అయ్యి తుమ్మితే తెలిసింది. పో, ఆ బోరు కాడ తలమీద నుంచి పోసుకో."

సబ్బుతో రెండుసార్లు రుద్దుకున్నాను. తర్వాత కట్టుకోవడానికి బట్టల్లేవు. ఇంట్లో పాత లుంగీ ఏదైనా ఇవ్వమంటే ఆవిడ ఒప్పుకోలేదు. "నా ఇంట్లో గుడ్డ కట్టుకుంటే నా వాసనకొస్తయ్. అది నీ కాడికొచ్చినట్టు కాదు" అంది. చివరికి తన తమ్ముడి కోసం కొన్న కొత్త లుంగీ, స్టిక్కరు కూడా తీయనిది, తెచ్చి ఇచ్చింది. గళ్ళ లుంగీతో, భుజాన తడి తువ్వాలుతో నేను చాప మీద కూర్చునేసరికి పదకొండూ నలభై. గంటకు పైగా పోగొట్టుకున్నాను.

ముందు ఒక పిల్లకుక్క వచ్చి నా బొటనవేలు కొరికింది. తర్వాత కళ్ళు సరిగా కనబడని ఒక ముసలి కుక్క వచ్చి మోకాలి మీద తల పెట్టి నిద్రపోయింది. చిట్టి మాత్రం తొట్టి దగ్గర నుంచి కదల్లేదు. పన్నెండున్నరకు కోటమ్మ పొయ్యి దగ్గర నుంచే అంది: "ఆ ముసలోడు మెచ్చాడుగా, ఆణ్ణి తీసకపో. చానా మంచోడు."

మంచివాడే. కానీ బయల్దేరేటప్పుడు అనసూయ పాత గోనెపట్టా ఉతికి వరండాలో ఆరేసి, "చిట్టికి ఇక్కడైతే ఎండ రాదు" అంది. మళ్ళీ తొట్టి వైపే చూశాను. పిలిస్తే వస్తుందేమో, పిలిచే హక్కు లేదు. ముప్పై ఏళ్ళలో నేను అంతసేపు నోరు మూసుకుని కూర్చున్నది లేదు. ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు గాని, అది కండక్టర్లకు చెప్పిన మాట కాదు. ఉండబట్టలేక, ఎటో చూస్తూ, పాత అలవాటు కొద్దీ సన్నగా మొదలుపెట్టాను.

"పిడుగురాళ్ళ, జానపాడు, గురజాల, రెంటచింతల, మాచర్ల..."

తొట్టి చాటున తల లేచింది. నేను మళ్ళీ అవే ఊళ్ళు అన్నాను. మూడోసారి మాచర్ల చేరేలోపు చిట్టి కుంటుకుంటూ వచ్చి, లుంగీ వాసన చూసి, ఇంకొక్కసారి తుమ్మి, నా తొడకు ఆనుకుని కూర్చుంది. వెచ్చగా ఉంది. గోడమీద గడియారంలో ఒంటిగంటకు ఇంకా ఎనిమిది నిమిషాలుంది.

అబద్ధం ఆడి కుక్కను తీసుకెళ్ళాలనిపించలేదు. "అక్కా, నేను నోరు తెరిచాను" అన్నాను.

"విన్నాలే. ఊళ్ళని పిలిచావు, కుక్కని పిలవలా" అంది కోటమ్మ, అన్నం గిన్నెలు సర్దుతూ.

కుక్కలు తిన్నాక మాకు పప్పూ, గోంగూర పచ్చడీ పెట్టింది. చిట్టికి వేసిన సూదుల చీటీ ఇచ్చింది. బస్సులో కుక్కను ఎక్కించరని నాకు వేరే చెప్పాలా, ఎందరిని దించేశానో. పొద్దున దింపేటప్పుడు సైదా ఇచ్చిన నంబరుకు ఫోను చేస్తే తన బావమరిది ఆటో పంపాడు. వెళ్ళేవాళ్ళు కిరాయి ముందే మాట్లాడుకోండి, ఆటోలో మిరపకాయలు మోశారా అని కూడా అడగండి. రెండున్నరకు బయల్దేరేటప్పుడు కోటమ్మ చిట్టి నుదురు నిమిరి లోపలికి వెళ్ళిపోయింది, చెయ్యి ఊపలేదు.

ఆటోలో చిట్టి నాకు వీపు పెట్టి, వెనక్కి పోయే రోడ్డు వంకే చూస్తూ కూర్చుంది. నా సంతోషం సగం ఇంకిపోయింది. అది నా దగ్గరకు వచ్చిందా, ఆ పాటలాంటి చప్పుడుకు వచ్చిందా? తేల్చుకోలేక అనసూయకు ఫోను కూడా చేయలేదు.

నాలుగింటికి పిడుగురాళ్ళ ఇవతల టీ కొట్టు దగ్గర ఆపించాను. చిట్టి తాడు డ్రైవరు చేతికిచ్చి, దానికి ఒక్క మాటా చెప్పకుండా దిగి నడిచాను. గ్లాసు అందుకునేసరికి వెనక నుంచి డ్రైవరు, "బాబాయ్, తాడు లాక్కొని వస్తంది" అన్నాడు. తిరిగి చూస్తే చిట్టి, మట్టిలో తాడు ఈడ్చుకుంటూ, మూడు కాళ్ళ మీద గబగబా గెంతుతూ వస్తోంది. వచ్చి నా చెప్పుల మీద కూర్చుని రోడ్డు వైపు కాదు, నా మొహం వైపు చూసింది.

"మూడు కాళ్ళదేంది, మంచిది దొరకలేదా?" అన్నాడు కొట్టు ఆయన.

ఇంకోరోజైతే ఆయనతో పోట్లాడేవాణ్ణి. "ఇంతకన్నా మంచిది లేదంట" అని ఒక బన్ను తీసుకుని సగం చిట్టికి పెట్టాను. కుక్కను తెచ్చుకోవాలని ఎవరైనా అడిగితే గురజాల వెళ్ళమనే చెబుతాను. ఎంచుకుని తెచ్చుకోవడం కన్నా, ఒక ప్రాణి మనల్ని ఎంచుకోవడం చానా గొప్పగా ఉంటుంది. అరవై ఏళ్ళకు నాకది తెలిసింది.

అప్పుడు ఫోను తీశాను. "ఎక్కడున్నావు?" అంది అనసూయ.

"పిడుగురాళ్ళలో ఉన్నాం" అన్నాను. "బన్ను తింటున్నాం."