మూత పెట్టిన పొర

2022 వానాకాలం. విజయనగరంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో రీసెర్చ్ స్కాలర్‌ని. ప్లాస్టిక్ జాతి పదార్థంతో సోలార్ సెల్ చేయడం నా పని. ద్రావణం చుక్కను గాజు పలక మీద వేసి, స్పిన్ కోటర్ అనే యంత్రంలో గిర్రున తిప్పితే పలచని పొర పరుచుకుంటుంది. అదే థిన్ ఫిల్మ్. తడి పొరను గాజు పళ్లెంలో ఆరనిచ్చి, పైన లోహపు పూత వేసి, కరెంటు ఎంత వస్తుందో కొలుస్తాం.

ఒక రోజు చేసిన సెల్స్ మామూలు కంటే రెట్టింపు పనిచేశాయి. ఎగిరి గంతేశాను. మర్నాడు చేస్తే ఆ ఫలితం రాలేదు. రెండు నెలలు కిందా మీదా పడ్డా రాలేదు. అదే ద్రావణం, అదే స్పీడు, అదే వేడి.

"గుడ్డిదెబ్బ తగిలిందా, అంకెలు వండావా?" అన్నారు మా గైడ్, అందరి ముందూ. నెలాఖరులోగా మళ్లీ చేసి చూపకపోతే ఆ ఫలితాన్ని థీసిస్‌లోంచి తీసేయమన్నారు. అప్పట్నుంచి తోటి స్కాలర్లు నా పక్కన కూర్చోవడం మానేశారు. ల్యాబ్ మెట్ల మీద ఒక్కణ్నే క్యారేజీ విప్పేవాణ్ని. ముద్ద దిగేది కాదు. నేను అబద్ధమాడలేదని చెప్పుకోవడానికైనా ఒక మనిషి లేడు.

ల్యాబ్ ఊడ్చే ఆవిడ రోజూ నా పొరలు ఆరేదాకా గుమ్మంలో ఆగేది. ఒక ఉదయం ఆమెకు శ్రీకాకుళం బస్సు తొందర.

"మూతెట్టీండి బాబూ, ఊడ్సీసి ఎల్పోతాను. దుమ్ము పడతాది."

"మూతేంటి?"

"ఓపాలి తమరు పక్క గదిలోకెల్తే నానే ఎట్టినాను గదా. నా సామాను ముట్టొద్దని కసిరినారు. మరి ముట్టలేదు."

నేను కసిరింది ఆ మంచి సెల్స్ చేసిన రోజే. నోట్‌బుక్‌లో అన్నీ రాశాను, మూత రాయలేదు.

వెంటనే తడి పొర ఉన్న గాజు పళ్లెం మీద మూత పెట్టాను. ఆవిరి లోపలే నిలిచి పొర నిదానంగా ఆరింది. అలా ఆరితే అణువులు వరుస కట్టుకునే వ్యవధి దొరుకుతుంది. ఎప్పుడూ నారింజ రంగులో ఉండే పొర వంగపండు రంగుకు తిరిగింది. గైడ్ ఎదుట మూడుసార్లు చేశాను, మూడుసార్లూ వచ్చింది. "సరే, రాయి," అన్నారాయన. అంతే.

ఆ మాట చెప్పాలని ఆవిడను వెతుక్కుంటూ వెళ్లాను. హాస్టల్ వరండా కడుగుతోంది. అంతా విని చీపురు కింద పెట్టింది.

"అయితే ఇంకెవులూ మిమ్మల్ని ఏటీ అనరు గదా బాబూ?"

ఆ రెండు నెలల్లో నన్ను ఆ మాట అడిగిన మనిషి ఇంకొకరు లేరు. పొర ఎలా ఆరుతుందో అంత శ్రద్ధగా చూసినవాణ్ని, గుమ్మంలో నా కోసం ఆగిన మనిషిని చూడలేదు. సిగ్గుతో తల వంచుకుని, అప్పుడు అడిగాను ఆమె పేరు.