ఎలుక కొరికిన ఉత్తి తీగలు

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీకి కంట్రోల్ ప్యానెల్ బిగించడానికి నేను వెళ్లింది రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో. విశాఖపట్నంలో ప్యానెళ్లు తయారుచేసే చిన్న సంస్థలో ఉద్యోగం నాది. సొంతూరు టెక్కలి అని తెలియగానే ఫ్యాక్టరీ యజమాని ఏవేవో చుట్టరికాలు తవ్వి నన్ను అల్లుడి వరస చేసేసుకున్నాడు. ఆ పూట నుంచి ఆయన నాకు మావయ్య.

పప్పు ఆరబెట్టే డ్రయ్యర్లు వెనక షెడ్డులో ఉన్నాయి. వాటిని నడిపే ప్యానెల్ ముందు గదిలో. పాత పద్ధతిలో అయితే ప్రతి ఫ్యానుకీ, వేడి కొలిచే ప్రతి పరికరానికీ షెడ్డు నుంచి గది దాకా విడివిడిగా తీగలు లాగాలి. మేము తెచ్చింది రిమోట్ ఐఓ. షెడ్డులోనే ఒక చిన్న పెట్టె పెట్టి, అక్కడి తీగలన్నీ దానికే కలిపేస్తాం. ఆ పెట్టె ఒక్క సన్నటి కేబుల్ మీద అక్కడి సంగతులు ప్యానెల్‌కి చేరవేస్తుంది, ప్యానెల్ చెప్పినట్టు ఫ్యాన్లను నడుపుతుంది.

పని పూర్తిచేసి చూపిస్తే మావయ్య ఆ బూడిదరంగు కేబుల్‌ని రెండు వేళ్లతో పట్టుకుని చాలాసేపు చూశాడు.

"మిగతా తీగలేవి అల్లుడూ?"

ఇంకేమీ లేవన్నాను. ఊరంతా సంతకి వెళ్లే బదులు ఒక్కడే వెళ్లి అందరి సరుకులూ తెచ్చినట్టని వివరించాను.

"ఆడు దార్లో మరిసిపోతేనో?"

మరిచిపోడనీ, ప్యానెల్ క్షణక్షణానికీ అడుగుతూనే ఉంటుందనీ చెప్పాను. అన్నిసార్లు అడగాల్సిన మనిషిని అసలు సంతకి పంపడమెందుకని ఆయన సందేహం.

అసలు బాధ వేరు. కాశీబుగ్గలో ఆయన బావకీ ఒక ఫ్యాక్టరీ ఉంది. అక్కడ తీగల కట్ట తొడంత లావుంటుందట. ఆ బావ మర్నాడే మా పని చూడటానికి వస్తున్నాడు. అందుకని షెడ్డు నుంచి గది దాకా ఉత్తి తీగలైనా సరే, ఒక కట్ట లాగమన్నాడు మావయ్య. నేను కుదరదన్నాను. మా సంస్థకి ఫోన్ చేస్తే, అవి దేనికీ తగలకుండా చూసుకుని ఆయన చెప్పినట్టే చెయ్యమన్నారు. ఫ్యాక్టరీ ఎలక్ట్రీషియన్ ఎర్రవీ పచ్చవీ నల్లవీ కలిపి, జడ అల్లినంత పొందికగా కట్టాడు. కొసలకి టేపు చుట్టి, ఒక వైపు ప్యానెల్‌లోనూ మరో వైపు పెట్టెలోనూ దోపేశాం.

బావ వచ్చాడు. కట్టని చేత్తో ఎత్తి బరువు చూశాడు. వెళ్లబోతూ బూడిదరంగు కేబుల్ చూపించి, "ఇదేటి బావా?" అని అడిగాడు.

"అది ఫోను," అన్నాడు మావయ్య.

ఆ దసరాకి తీగల కట్టకి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు కట్టారు. పప్పు పొట్టు తీసే ఆడవాళ్లు పెరట్లో నేలబారుగా ఉన్న ఆ కట్టని దాటకుండా చుట్టూ తిరిగి వెళ్లేవారు. పైన లాగిన ఆ ‘ఫోను’ కేబుల్ మీద మాత్రం ఎవరో తడి తువ్వాలు ఆరేసుకునేవారు.

మరుసటేడు వానాకాలంలో కబురొచ్చింది. ఎలుక తీగలు కొరికేసింది, ఫ్యాక్టరీ ఆగిపోయింది, వెంటనే రమ్మని. రైలెక్కి వెళ్లాను. డ్రయ్యర్లు చల్లబడిపోయాయి. ఆడవాళ్లంతా అరుగు మీద పని లేక కూర్చున్నారు. ముందు బూడిదరంగు కేబుల్ చూశాను. దాని మీద పంటిగాటు లేదు. ఎలుక కొరికింది ఉత్తి తీగల కట్టని. ప్యానెల్ స్విచ్చి మావయ్యే కట్టేశాడు.

"వాటిలో ఏమీ లేదు కదా మావయ్యా. మీరే వేయించారు," అన్నాను మెల్లగా.

"నాకు తెల్దేటి?"

"మరెందుకు ఆపేశారు?"

ఆయన అరుగు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎలక కొరికీసిందని అందరూ సూసీసారు. అయినా మిసను నడిత్తే ఆళ్లేటనుకుంటారు అల్లుడూ?"

ఎలక్ట్రీషియన్‌తో కలిసి నేల మీద కూర్చుని తెగిన తీగలు అతకడం మొదలుపెట్టాను. ఎలాగూ ఉత్తివే కదా అని ఒక ఎర్ర తీగని పచ్చదానికి చుట్టబోతే అతను నా చెయ్యి పట్టుకుని ఆపాడు. ఎరుపుకి ఎరుపే కలపాలన్నాడు. కలిపాను. మావయ్య సరిచూడమంటే కొసల టేపు విప్పి మీటరు పెట్టాను. తీగ కలిసిందన్నట్టు అది కూసింది. ముగ్గురం ఊపిరి పీల్చుకున్నాం. నేను కూడా.

మావయ్య స్విచ్చి వేశాడు. ఫ్యాన్లు తిరిగాయి. అందరిలోకీ పెద్దావిడ చెవి ఒగ్గి విని, చప్పుడు ఇదివరకటి కన్నా మెత్తగా ఉందంది. తక్కినవాళ్లూ ఔనన్నారు. కాసేపు వింటే నాకూ అలాగే అనిపించింది.

మావయ్య భోజనం పెట్టి, స్కూటర్ మీద తనే స్టేషన్‌కి తీసుకొచ్చాడు. ఎలుకలకి మందు పెట్టాలా, పిల్లిని తేవాలా అని అడిగాడు. పిల్లే మేలన్నాను. పిల్లి వెంట్రుకలు పప్పులో పడితే ఎవరు కొంటారన్నాడు. ఆ వాదం తేలకముందే బండి వచ్చేసింది.