నాగేటి గడ్డకు తోడు వెతికిన రోజు

తాడ్వాయి దాటి ఎల్లారెడ్డి వైపు పోతుంటే రోడ్డుకు ఆనుకునే ఉంటుంది మా ఊరు. నా చిన్నప్పుడు, అంటే ఎనభైల మొదట్లో, వానలు పడి నాట్లు మొదలయ్యే రోజుల్లో ఊరి వెనక గుట్ట మీద ముళ్లపొదల నిండా ఎర్రటి పూలు పూసేవి. దూరం నుంచి చూస్తే గుట్టకు నిప్పంటుకుందేమో అనిపించేది. ఆ మొక్క దుంప రెండు కొమ్ములుగా చీలి నాగలిలా ఉంటుంది కనుక మావాళ్లు దాన్ని నాగేటి గడ్డ అనేవారు. దాని ఆకు కొస సన్నగా మెలితిరిగి, అందిన కొమ్మను పట్టుకుని పైకి పాకేది. పువ్వు పసుపుగా విచ్చి, రోజులు గడిచేకొద్దీ ఎర్రబడేది. అందం సరే, ఆ గడ్డ నిలువెల్లా విషం. పిల్లలను దాని ఛాయలకు పోనిచ్చేవారు కాదు.

ఒక కరువు ఏడాది, మందుల్లోకని ఆ గడ్డలు కొనేవాళ్లు లారీ వేసుకుని ఊళ్లోకి వచ్చారు. పనుల్లేక ఉన్న జనం గడ్డపారలు పట్టుకుని గుట్ట ఎక్కారు. తప్పు పట్టడానికి లేదు, ఇంట్లో గింజల్లేని రోజులవి. గడ్డ పోతే మొక్కే పోతుందన్న సంగతి ఎవరికీ తోచలేదు. మరుసటి ఏడు వానలు బాగా పడ్డాయి. గుట్ట పచ్చబడింది గానీ ఎర్రబడలేదు.

మా పెరటి కంచెలో మాత్రం ఒకే ఒక్క మొక్క మొలిచింది. అప్పుడే మా తమ్ముడు నడక నేర్చాడు. ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునేవాడు. బాపు గడ్డపార తీసుకుని కంచె దగ్గరికి నడిచాడు. అది చూసి, మేం ఆపా అని పిలిచే పక్కింటి ముస్లింల అక్క గోడ అవతలి నుంచి పరుగున వచ్చింది. ఆపా వాళ్ల నాన్నకు తాడ్వాయిలో గాజుల దుకాణం ఉండేది. మా వాడలో బస్సెక్కి కామారెడ్డి కాలేజీకి పోయి చదివిన మొదటి ఆడపిల్ల ఆపాయే. చెట్ల గురించిన చదువే చదివేది.

"కాకా, జరంత ఆగుండ్రి. గుట్ట మీద ఇప్పుడు ఒక్కటి గూడ లేదు. కాయ కాసి గింజలు ఎండేదాక ఉంచుండ్రి."

"విషం బిడ్డా అది. పోరడు నోట్లె పెట్టుకుంటే ఎవలు జవాబు?"

"నేను జవాబు. నేనే దడి కడత."

బాపు గడ్డపార దింపాడు. "సరే. కాయ కాస్తే ఉంటది. కాయకుంటే పీకేస్త" అన్నాడు. ఆ పూటే ఆపా తుమ్మకంప తెచ్చి మొక్క చుట్టూ దడి కట్టింది. చేతుల నిండా గీరుకుపోయినా పట్టించుకోలేదు.

మొక్క పూసింది. ఒక పువ్వు వాడింది, దాని వెనక ఇంకొకటి వాడింది. కాయ మాత్రం నిలవలేదు. నా కంటే ఆపాకు ఎక్కువ దిగులు పట్టుకుంది. ఒకనాడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని పువ్వును చూపించింది. రేకులన్నీ వెనక్కి మడిచి ఉన్నాయి. పుప్పొడి మోసే కేసరాలు చుట్టూ విచ్చుకుని ఉన్నాయి. నడుమ నుంచి వచ్చిన, పుప్పొడిని అందుకునే కీలం మాత్రం మోచెయ్యి మడిచినట్టు వంగి, పక్కకు తిరిగి ఉంది. తన పుప్పొడి తన మీదే పడకుండా అట్లా పక్కకు జరుగుతుందట. సీతాకోకచిలుక ఇంకో మొక్క మీద వాలి, రెక్కలకు పుప్పొడి అంటించుకుని వస్తేనే గింజ గట్టిగా పడుతుందట. గుట్ట మీద ఇంకో మొక్కే లేనప్పుడు ఆ సీతాకోకచిలుక ఎక్కడి నుంచి తెస్తుంది?

అప్పటికి రెండు మొగ్గలే మిగిలాయి. ఆపా వాళ్ల మేనత్త ఎల్లారెడ్డిలో ఉండేది. వాళ్ల ఇంటి వెనక ఖబరస్తాన్ గోడకు ఇదే తీగ పాకి ఉందని ఆపాకు గుర్తొచ్చింది. సమాధుల మధ్య తవ్వడానికి ఎవరికీ మనసు రాక, అక్కడ అది మిగిలిపోయింది. మొగ్గ విచ్చుకున్న ఆదివారం నాడు మా అమ్మను బతిమాలి, నన్ను వెంటబెట్టుకుని ఆపా ఎల్లారెడ్డి బస్సెక్కింది. గోడ మీద పూలు చూడగానే ఆమె కళ్లు తడిశాయి. కొన్ని కేసరాలను మెల్లగా తుంచి, ఖాళీ అగ్గిపెట్టెలో కాగితం పరిచి పెట్టింది. తడి తగిలితే పని చెడుతుందని చెప్పి, పెట్టెను నా చేతికిచ్చింది.

తిరుగు ప్రయాణంలో కుండపోత వాన. దారిలో వాగు రోడ్డు మీదికి పొంగడంతో డ్రైవరు బస్సు ఆపేశాడు. పైకప్పు కారుతోంది. మా ముందు సీట్లో గొర్లు కాసే ముసలాయన బీడీ నోట్లో పెట్టుకుని నా వైపు తిరిగాడు.

"బిడ్డా, ఒక్క పుల్లియ్యి."

నేను పెట్టెను గుండెకు అదుముకుని "ఇయ్య" అన్నాను. బస్సులో అందరూ నవ్వారు. ముసలాయన ముఖం చిన్నబోయింది. ఆపా పెట్టెను కొంచెం తెరిచి, పుప్పొడిని చూపించి, సంగతంతా చెప్పింది. ఆయన ఒంగి చూశాడు. బీడీ చెవి వెనక పెట్టుకున్నాడు. తన గొంగడి తీసి మా ఇద్దరి తలల మీద కప్పాడు.

"పెండ్లికి పోతున్నది గద, తడవద్దు" అన్నాడు.

వాగు తగ్గేదాకా ఆయన అట్లాగే తడుస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు గొంగడి తీసుకుని, "కాయ కాయాలె" అన్నాడు. ఆయనది ఏ ఊరో కూడా మేం అడగలేదు.

ఇల్లు చేరేసరికి వాన వెలిసి సాయంత్రపు ఎండ వచ్చింది. మా పువ్వు తడిసి తల వంచింది గానీ రాలలేదు. ఆపా కీలం కొసను దూదితో అద్ది ఆరబెట్టింది. చీపురు పుల్లకు కొంచెం దూది చుట్టి నా చేతికిచ్చి, "నువ్వే పెట్టు చెల్లే. మీ ఇంటి పువ్వు" అంది. పుప్పొడిలో ముంచి కొసకు తాకించాను. దడి అవతల నిలబడి బాపు చూస్తున్నాడు.

కాయ నిలిచింది. అది రోజురోజుకూ లావెక్కుతుంటే, పొలానికి పోయే ముందు బాపు ఏదో పని ఉన్నట్టు పెరట్లోకి వచ్చి చూసి పోయేవాడు. ఆకులు ఎండాక కాయ పగిలి ఎర్రటి గింజలు బయటపడ్డాయి. సగం గుట్ట మీద ముళ్లపొదల్లో నాటాం, సగం ఖబరస్తాన్ గోడ కింద నాటి వచ్చాం. గింజలు ముట్టుకున్న ప్రతిసారీ ఆపా నాతో చేతులు కడిగించింది.

మరుసటి వానకాలం ఎంత వెతికినా గడ్డిపోచల్లాంటి మొలకలు నాలుగైదు తప్ప ఏమీ కనిపించలేదు. నేను ఏడ్చాను. భూమిలో ముందు గడ్డ ఊరాలని, పూలు రావడానికి ఏళ్లు పడుతుందని ఆపా సముదాయించింది. అవి పూసే నాటికి ఆపాకు పెళ్లయి బోధన్ వెళ్లిపోయింది. గుట్ట మీద మొదటి పువ్వు కనిపించిన వారంలోనే బాపు ఉతికిన ధోతి కట్టుకుని, నన్ను తీసుకుని బోధన్ బస్సెక్కాడు. ఆపా తలుపు తీయగానే కుశలమైనా అడగకుండా, "పూసింది బిడ్డా" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది, ఏడ్చింది.

గుట్ట ఇప్పటికీ మునుపటిలా నిండలేదు. కానీ ప్రతి వానకాలం అక్కడక్కడ ఎర్రగా మెరుస్తుంది. ఈ వయసులో నా చెవిన తరచుగా పడే మాట "అది అయిపోయింది, ఇంక దొరకదు" అన్నది. మొన్న మా కోడలు మా పాత అనుముల విత్తనం గురించి అదే అంది. ఆ మాట వింటే నాకు కాళ్లు ఆగవు. చెప్పులేసుకుని నాలుగు ఊళ్లు తిరిగాను. ఒక ఇంటి దూలానికి వేలాడుతున్న మూటలో దొరికింది, పిడికెడు. ఇప్పుడది మా పందిరి మీద పూత మీదుంది.